మడమ నొప్పికి కోత చివరి మాట



పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటే ఆపరేషన్ అని బెదిరిపోకండి. నాకూ వచ్చింది, తగ్గింది.

ఇంజినీరుగా చెబుతాను. పాదం వంపు విల్లు అయితే, మడమ నుంచి వేళ్ల దాకా అడుగున సాగే పట్టీ దాని నారి. ఒళ్లు బరువెక్కినా, గంటల తరబడి చెప్పుల్లేకుండా కడప బండల మీద నిలబడినా ఆ నారి మడమ దగ్గర దెబ్బతింటుంది. దాన్ని కోస్తే వంపు కుంగే ప్రమాదం ఉంది. ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లు నొప్పి లేనివాళ్లకూ ఉంటుంది.

మంచం దిగకముందే కాలు రెండో మోకాలి మీద వేసుకొని, వేళ్లను వెనక్కి లాగి పది లెక్కపెట్టండి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. 2003లో అమెరికా వైద్యులు పరీక్షించి చూపిన పద్ధతి ఇది. ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోండి. నెలలు పట్టినా, పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి కోత లేకుండానే తగ్గుతుంది. వాపు, తిమ్మిరి, రాత్రిళ్లు నొప్పి, షుగరు ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

మిరప కోతలకు గుంటూరు వలసపోయే మన కోసిగి వాళ్లకు కాలే కూలి. పైసా ఖర్చులేని ఈ సాధన వాళ్లకు చేరవేయండి.