కలము పట్టినవానికి లెక్క రావలెను
(ఒక పఠనాలయ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



చేతిపనివారికి శిక్షణ మొసంగవలెనని మనము సభలయందు తీర్మానించుట పరిపాటి. దేనియందు శిక్షణమో మాత్రము చెప్పము.

శ్రీకాళహస్తి కలంకారిని చూడుడు. గుడ్డను కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి యెండబెట్టుట, చింతపుల్లల బొగ్గుతో రేఖలు దిద్దుట, పాత యినుమును బెల్లపునీట పులియబెట్టి నల్లని కసిమి తీయుట, పటికతో ఎఱ్ఱరంగును నిలుపుట, పాఱునీట ఉతుకుట - ఇది యంతయు శాస్త్రమే. ఎరిగినవాడు పట్టభద్రుడు కానందున మనము దానిని శాస్త్రమనము! ఆ విద్య యడుగంటుచుండగా కమలాదేవీ చట్టోపాధ్యాయగారి పూనికతో 1957లో అచ్చట శిక్షణకేంద్రము వెలసినది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువైరి. పనివాడే గురువగుటచేత అది ఫలించినది. వారి కుమారులు గురప్పచెట్టిగారు 2008లో పద్మశ్రీ పొందిరి.

చేయి నిలిచినది. ఇల్లు నిలిచినదా?

పోయినయేడు ఒక కలంకారి పనివాడు నాయొద్దకు వచ్చెను. పట్టాభిషేకమును నమూనా చూడకయే గుడ్డపై వ్రాయగలవాడు. ఒక వర్తకుని ప్రామిసరీనోటుపై చేవ్రాలు చేసియుండెను. తీసికొన్న బయానా యెంత, పంపిన సరకు వెల యెంత, అతనియొద్ద ఒక్క చీటియు లేదు. లెక్కంతయు వర్తకుని పుస్తకముననే యున్నది. న్యాయస్థానము కాగితము నడిగెను. మేమోడితిమి.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద శ్రీకాళహస్తి కలంకారి పేరు నమోదైనది. కాని ఆ చట్టమునందే పనివాడు అధీకృత వినియోగదారుగా తన పేరును వేరుగ నమోదు చేయించుకొను ఏర్పాటు కలదు. ఈ సంగతి నా కక్షిదారునకు తెలియదు. నిజము చెప్పవలెనన్న, అతడు వచ్చువఱకు నేనును ఆ ప్రకరణమును శ్రద్ధగా చదువలేదు. యంత్రముపై అచ్చొత్తిన గుడ్డ కలంకారి పేరుతోనే అంగళ్లలో చౌకగా అమ్ముడగుచున్నది.

2023లో ఆరంభమైన విశ్వకర్మ పథకమున 18 వృత్తులకు ప్రాథమిక శిక్షణము ఐదు మొదలు ఏడు దినములు. దినమునకు 500 రూపాయల భృతి కలదు, మంచిదే. ఆ పట్టికలో బొమ్మలు చేయువారు కలరు, కలంకారివారు లేరు. ఉన్నను వారము దినములలో లెక్క పట్టుబడునా?

1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన పెద్దలు చదువును పనిని ఒక్క కప్పు క్రిందికి తెచ్చిరి. మనకంత శక్తి లేదు. పఠనాలయపు ముందు గది రాత్రి యెనిమిది దాటిన పిమ్మట ఖాళీయే గదా! వారమునకు రెండు రాత్రులు దానిని పనివారి పిల్లలకు విడువుడు. చిట్టా వ్రాయుట, నోటు చదివి చేవ్రాలు చేయుట, వెల కట్టుట నేను చెప్పెదను. జీతమక్కరలేదు. వచ్చు మంగళవారమే తాళపుచెవి నాకీయవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను.