మనీ ప్లాంటు: ఒక తీగ, పది మొక్కలు



ఇవాళ మనీ ప్లాంటు గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది ఇళ్లల్లో ఈ తీగ ఉంది. సీసాలో పెడతాం. గుమ్మం మీదికి పాకిస్తాం. దీన్ని దొంగిలించి తెస్తేనే డబ్బు వస్తుందని కొందరంటారు. అడిగితే పక్కింటి వదిన ఇవ్వదా ఏమిటి? అడిగే తెచ్చుకోండి. వేరు ఎలాగైనా ఒకేలా వస్తుంది.

ఇది మన దేశపు మొక్క కాదు. పసిఫిక్ మహాసముద్రంలో మూరియా అనే చిన్న దీవి ఉంది. అక్కడిది. చెట్ల నీడన పాకే తీగ. అందుకే ఇంట్లో తక్కువ వెలుతురులోనూ బతుకుతుంది. మండుటెండలో పెడితే ఆకు మాడుతుంది. మరీ చీకట్లో పెడితే ఆకు మీది పసుపు చారలు తగ్గిపోతాయి.

తీగను చేత్తో పట్టుకుని చూడండి. ఆకు పుట్టే చోట ముడి ఉంటుంది. అదే కణుపు. చెరకుకు ఉన్నట్టే. కణుపు దగ్గర గోధుమ రంగు మొటిక కనిపిస్తుంది. వేరు అక్కడినుంచే వస్తుంది. కణుపు లేని ఒట్టి ఆకును నీళ్లలో పెడితే కొన్నాళ్లు పచ్చగా ఉంటుంది, అంతే. కొత్త తీగ రాదు.

రెండు, మూడు కణుపులున్న ముక్క కొయ్యండి. కత్తి శుభ్రంగా ఉండాలి. కణుపు కింద ఒక వేలు వెడల్పు వదలాలి. అడుగు ఆకు తీసెయ్యండి. ఆకు నీళ్లలో మునిగితే కుళ్లి కంపు కొడుతుంది. అడుగు కణుపు మాత్రం మునగాలి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. చలికాలంలో ఇంకా ఆలస్యం. వేళ్లు రెండంగుళాలు పెరిగాక కుండీలో నాటండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పేడ ఎరువు కలపండి. కుండీకి అడుగున చిల్లు ఉండాలి. అమ్మదలచుకున్నవాళ్లు ఒక కుండీలో మూడు నాలుగు ముక్కలు నాటండి. గుబురుగా ఉంటేనే కొనేవాళ్లకు కంటికి ఆనుతుంది.

ఇక సీసా నీళ్ల సంగతి. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మూడు నాలుగు రోజులకొకసారి నీళ్లు పారబోయండి. సీసా లోపల తోమి కడగండి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.

ఇంకో మాట. కంద కోస్తే చేతులు దురద పెడతాయి కదా! మనీ ప్లాంటుదీ అదే కుటుంబం. ఆకులో కంటికి కనిపించని సూదుల్లాంటివి ఉంటాయి. పాకే బిడ్డ ఆకు నమిలితే నోరు మండుతుంది. పెదవులు, నాలుక వాస్తాయి. కుక్కలకూ, పిల్లులకూ అంతే. కాబట్టి సీసాను పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. తీగ చివర కిందికి వేలాడినా కత్తిరించండి. ఒకవేళ బిడ్డ నమిలితే, నోట్లో ముక్కలు తీసి తడిగుడ్డతో తుడవండి. కొంచెం చల్లటి నీళ్లు తాగించండి. వాంతి చేయించొద్దు. గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి.