వంట వేళ పిల్లలకు పాఠం



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలప్పుడు, పత్తి తీతలప్పుడు, ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరినప్పుడు పిల్లలు బడి మానేస్తారు. సర్కారు బడుల్లో 2003 నుంచి మధ్యాహ్నం అన్నం వండి పెడుతున్నారు. బడి మానితే ఆ అన్నమూ పోతుంది, పాఠమూ పోతుంది. అందుకే ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ వంట వేళ ఆడపిల్లనూ, మగపిల్లవాణ్ణీ ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ముందుగా సబ్బుతో చేతులు కడిగించండి. "మనం ఐదుగురం. మనిషికి అర గ్లాసు బియ్యమైతే మొత్తం ఎన్ని గ్లాసులు?" అని అడగండి. రెండున్నర. అత్తెసరుకు గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. అంటే ఐదు. గోంగూర ఆకులు పదేసి చొప్పున కుప్పలు పెట్టిస్తే పదుల లెక్క వస్తుంది. మునగాకులో ఇనుము ఉంటుందనీ, అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుందనీ చెప్పండి. రక్తహీనత గురించి అదే మొదటి పాఠం.

మూడు జాగ్రత్తలు మరువకండి:

1. మరిగే ఎసరు దగ్గరకు పిల్లలను రానివ్వవద్దు.
2. మిరపకాయలు తుంచిన చేత్తో కళ్లు నలపనివ్వవద్దు.
3. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా విషమే. బియ్యం కొలవడానికీ, నీళ్లకూ వాడవద్దు.

వీలు కాగానే పిల్లలను తిరిగి బడికి పంపండి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.