'వచ్చు' అనే మాట



ఇవాళ న్యాయశాస్త్ర పట్టాలు అందుకున్న మీరు చట్టాలు చదివారు. నేను వాటి కింద నలిగిన మున్సిపల్ ఉద్యోగిని. అందుకే ఒక్క మాట గురించే చెబుతాను. ఆ మాట 'వచ్చు'.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకని 18 పనులు రాశారు. నగరాలకు స్వపరిపాలన దక్కిందని మేం సంబరపడ్డాం. తీరిగ్గా 243-డబ్ల్యూ అధికరణం చదివితే, శాసనసభ చట్టం చేసి వాటిని 'అప్పగించవచ్చు' అని ఉంది. అప్పగించి తీరాలని లేదు. శ్మశానాలు, వీధి దీపాలు, బందెలదొడ్డి మాకే మిగిలాయి. వాటికోసం ఎవరూ పోటీ పడలేదు లెండి! జాబితాలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. విశాఖ మాస్టర్ ప్లాన్ గీసేది మాత్రం కార్పొరేషన్ కాదు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ వీఎంఆర్‌డీఏ. హైదరాబాద్‌లో మంచినీళ్ళు 1989 నుంచీ వేరే బోర్డు చేతిలో ఉన్నాయి. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి, మేయరు కాదు.

పోనీ, 'వచ్చు' లేనిచోటైనా మాట నిలబడిందా? కౌన్సిల్ గడువు అయిదేళ్ళు. అది ముగిసేలోగా ఎన్నిక పూర్తికావాలని 243-యు చెబుతోంది. 2006లో సుప్రీంకోర్టూ గట్టిగా చెప్పింది. విశాఖలో 2007లో ఎన్నికైన కౌన్సిల్ 2012లో దిగిపోయింది. మళ్ళీ ఓట్లు పడింది 2021 మార్చిలో. నడుమ అంతా ప్రత్యేకాధికారి పాలన. ఆయనొక్కరు సంతకం పెడితే అదే కౌన్సిల్ తీర్మానం. విలీనాలు, వార్డుల విభజన, కోర్టు కేసులు... కారణాలకేం కొదవ? నన్నడిగితే, ఎమ్మెల్యే, కార్పొరేటరు ఒకే ఒరలో ఇమడరు. రాజధానిలో ఏ పార్టీ ఉన్నా అంతే.

కార్పొరేటర్లంతా సత్యహరిశ్చంద్రులని నేననను. కానీ వాళ్ళ ఇల్లు ఎక్కడో వీధికి తెలుసు. మా ఎదురింటాయన బోర్డు మీద 2012లో 'కార్పొరేటర్'కి ముందు ఖాళీ లేక 'మాజీ' అని సన్నగా ఇరికించారు. అయినా జనం ఆగలేదు. ఒకామె కాలవ పూడిపోయిందని పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడేది.

"నా చేతిలో ఏం లేదమ్మా."

"మరెవుర్నడగాల బాబూ?"

ఆయన వేలెత్తి, అరుగు మీద పేపరు చదువుకుంటున్న నన్ను చూపించేవాడు. నేను పేపరు దించకుండానే, "సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళమ్మా" అనేవాణ్ణి.