మాస్కు తీసి పక్కన పెట్టకండి

నిద్రలో గురక, మధ్యమధ్య ఊపిరి ఆగిపోవడం. ఈ జబ్బుకు సీప్యాప్ మిషన్ ఇచ్చారా? 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సల్లివాన్ లోకానికి చూపిన వైద్యమిది. మాస్కు గుండా పంపే గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. అందుకే రోజూ పెట్టుకోవాలి.

మొదట్లో ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు. మానకండి. పగలు టీవీ చూస్తూ కాసేపు మాస్కు పెట్టుకోండి, అలవాటవుతుంది. పక్కల నుంచి గాలి పోతుంటే పట్టీలు మరీ బిగించకండి, సైజు మార్చమనండి. నోరు ఎండిపోతుంటే తేమనిచ్చే డబ్బా అడగండి. అందులో మన హొళగుంద బోరునీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయండి.

ఇంట్లోవాళ్లూ, నిద్రమత్తులో రోగి మాస్కు లాగేస్తే మళ్లీ పెట్టించండి. బంధువులింటికని ఆదోని బస్సెక్కినా సంచిలో మిషన్ ఉండాలి. ఇబ్బందేదైనా మిషన్ అటక ఎక్కించకముందే డాక్టరుకు చెప్పండి.