మాస్ షూటింగ్‌లకు డిప్రెషన్ మాత్రలే కారణమా?

ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌తో మొదలుపెడదాం. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. "అమెరికాలో కాల్పులు జరిపిన ప్రతివాడూ డిప్రెషన్ మాత్రలు వాడినవాడే, ఈ నిజాన్ని మీడియా దాస్తోంది" అని.

నాకు ఇది మొదటిసారి 2021లో వచ్చింది. అప్పుడు నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను. నిద్ర పట్టేది కాదు, మీటింగ్ అంటే గుండె దడ. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఎసిటలోప్రామ్ అనే మాత్ర రాశారు. నాలుగు నెలలు వాడాను, బాగానే ఉంది. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య ఒకడు ఈ వీడియో పంపాడు. అమ్మ కూడా చూసింది. "ఎందుకు నాన్నా ఆ మందులు, అవి వాడితే మనిషి మనిషిలా ఉండడంట" అంది. డాక్టర్‌కి చెప్పకుండా ఆ రోజే మానేశాను.

మూడో రోజుకి తల తిరగడం, తలలో చిన్న చిన్న కరెంట్ షాక్‌లు కొట్టినట్టు ఉండటం మొదలైంది. వారం తిరిగేసరికి అమ్మ మీద గట్టిగా అరిచాను, అదీ చారులో ఉప్పు గురించి. వెంటనే నాకు వచ్చిన ఆలోచన ఏంటంటే, "చూశావా, ఈ మందే నన్ను ఇలా తయారు చేసింది" అని. అసలు జరిగింది మాత్రం వేరే. ఒక్కసారిగా మానేసినందుకు వచ్చిన లక్షణాలు అవి. డాక్టర్ మళ్ళీ మొదలుపెట్టించి, ఏడాది తర్వాత మెల్లగా డోస్ తగ్గిస్తూ ఆపించారు. ఈ టాపిక్ మీద నేను ఇంత చదవడానికి కారణం అదే.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. షూటర్ల పేర్లు నేను చెప్పను. వాళ్ళకి కావాల్సిందే ఆ పేరు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. ప్రోజాక్ అనే మాత్ర 1988లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. 1989 సెప్టెంబర్‌లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఒకతను తాను పనిచేసిన ప్రింటింగ్ ప్లాంట్‌లో 8 మందిని చంపి, తనను తాను కాల్చుకున్నాడు. కొన్ని వారాల ముందే అతను ప్రోజాక్ మొదలుపెట్టాడు. బాధితులు తయారీ కంపెనీ ఎలై లిల్లీ మీద కేసు వేశారు. 1994లో జ్యూరీ 9-3తో కంపెనీ తప్పు లేదని తేల్చింది. కానీ విచారణ జరుగుతుండగానే కంపెనీ బాధితులతో రహస్యంగా సెటిల్‌మెంట్ చేసుకుందని తర్వాత బయటపడింది. సో, జనం ఫార్మా కంపెనీలను అనుమానించడంలో తప్పేం లేదు. అయితే కంపెనీ దాగుడుమూతలు ఆడిందని రుజువైతే మందు మనుషుల్ని చంపించిందని రుజువైనట్టు కాదు. అవి రెండు వేరు వేరు ప్రశ్నలు.

తర్వాత 1999, కొలంబైన్ హైస్కూల్. ఆ రోజు 12 మంది విద్యార్థులు, ఒక టీచర్ చనిపోయారు. కాల్చింది ఇద్దరు. పోస్ట్‌మార్టంలో ఒకడి రక్తంలో లువాక్స్ అనే డిప్రెషన్ మందు దొరికింది. ఫార్వర్డ్ మెసేజ్ ఇక్కడితో ఆగిపోతుంది. రెండోవాడి రక్తంలో అలాంటి మందు ఏదీ దొరకలేదు. ఇద్దరూ కలిసి ఏడాదిగా ప్లాన్ చేసుకున్నారు, ఇద్దరూ ఒకే రోజు కాల్చారు. మందే కారణమైతే రెండోవాడి సంగతేంటి?

2012లో శాండీ హుక్ స్కూల్. 20 మంది పసిపిల్లలు, 6 మంది సిబ్బంది చనిపోయారు. ఆ షూటర్ రక్త పరీక్షలో ఏ మందూ కనబడలేదు. 2000 నుంచి 2017 వరకు అమెరికా స్కూల్ కాల్పులను పరిశీలించిన ఒక స్టడీ 2019లో వచ్చింది. అందులో తేలింది ఏంటంటే, ఎక్కువమంది షూటర్లు అసలు మానసిక చికిత్స మందులు వాడినవాళ్ళే కాదు. వాడిన కొద్దిమంది విషయంలోనూ మందే కారణం అనడానికి ఆధారం దొరకలేదు. అంటే "ప్రతివాడూ" అన్న మాట దగ్గరే ఆ ఫార్వర్డ్ పడిపోయింది.

మరి కొందరి కేసుల్లో మందు ఎందుకు కనిపిస్తుంది? నా పాత ఉద్యోగం నుంచి ఒక ఉదాహరణ చెప్తాను. సర్వర్ క్రాష్ అయిన ప్రతిసారీ లాగ్ తీసి చూస్తే ఆన్‌కాల్ ఇంజనీర్ లాగిన్ కనిపిస్తుంది. అంటే క్రాష్ చేసింది అతనేనా? సిస్టమ్ అప్పటికే ఇబ్బందిలో ఉంది కాబట్టి అతన్ని నిద్ర లేపారు. మాత్ర కూడా అంతే. బాధలో ఉన్న మనిషే డాక్టర్ దగ్గరికి వెళ్తాడు, వెళ్తే మాత్ర రాస్తారు. పైగా 2023 లెక్కల ప్రకారం అమెరికా పెద్దవాళ్ళలో 11 శాతం మంది డిప్రెషన్ మందు వాడుతున్నారు. ఏ వందమందిని తీసుకున్నా కొందరి దగ్గర అది ఉండే తీరుతుంది.

ఇంకో లెక్క చూడండి. అక్కడ ఆడవాళ్ళు ఈ మందులను మగవాళ్ళ కంటే దాదాపు రెట్టింపు వాడతారు. కానీ మాస్ షూటర్లలో 95 శాతానికి పైగా మగవాళ్ళే. ఐస్‌ల్యాండ్ ఈ మందుల వాడకంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంటుంది. అక్కడ ఇలాంటి వార్త ఎప్పుడైనా విన్నారా? అమెరికాలో మాత్రం ప్రతి 100 మందికి 120 తుపాకులు ఉన్నాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా. స్కూల్ దాడుల మీద సీక్రెట్ సర్వీస్ స్టడీలు కూడా ఉన్నాయి. ఎక్కువ తుపాకులు వచ్చింది సొంత ఇంట్లోంచో, దగ్గరి బంధువుల ఇంట్లోంచో. చాలామంది దాడికి ముందే ఎవరో ఒకరికి హింట్ ఇచ్చారు.

అయితే మందులకు అసలు రిస్కే లేదా? ఉంది, దాచకూడదు. 2004లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీద తన అత్యంత కఠినమైన హెచ్చరిక పెట్టింది. పిల్లల మీద జరిగిన ట్రయల్స్‌లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 2 శాతం ఉంటే, మందు ఇచ్చినవాళ్ళలో 4 శాతం. ఆ ట్రయల్స్‌లో ఎవరూ ఆత్మహత్యతో చనిపోలేదు. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ళ వరకు పెంచారు. అంటే ఈ వీడియో చూస్తున్న మీలో సగం మంది ఆ వయసులోనే ఉన్నారు.

హింస గురించి స్వీడన్‌లో పెద్ద స్టడీ జరిగింది, 2015లో వచ్చింది. ఈ రకం మందులు వాడిన 8.5 లక్షల మందిని చూశారు. ఒకే మనిషి మందు వాడిన రోజుల్నీ, వాడని రోజుల్నీ పోల్చారు. 15 నుంచి 24 ఏళ్ళ వాళ్ళలో మందు వాడిన రోజుల్లో హింసాత్మక నేరాల రిస్క్ 43 శాతం ఎక్కువ కనిపించింది. 25 దాటినవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ 43 శాతం చూసి భయపడకండి. మొత్తం 8.5 లక్షల మందిలో అలాంటి నేరానికి శిక్ష పడింది సుమారు ఒక శాతానికే. అదీ ఎక్కువగా కొట్లాటల్లాంటివి, మాస్ షూటింగ్‌లు కావు. మందు వల్లే పెరిగిందా, ఆ రోజుల్లో బాధ ఎక్కువగా ఉండటం వల్లా అన్నది ఆ స్టడీ తేల్చలేదని రాసినవాళ్ళే ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇది మళ్ళీ ఎందుకు తిరుగుతోందంటే, 2025 ఆగస్టు 27న మినియాపొలిస్ చర్చిలో కాల్పులు జరిగాయి, ఇద్దరు పిల్లలు చనిపోయారు. మర్నాడే అమెరికా ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెన్నెడీ జూనియర్ ఈ మందుల పాత్ర మీద స్టడీలు మొదలుపెడుతున్నామన్నారు. స్టడీ చేయడంలో తప్పు లేదు, నిజంగా చేస్తే మంచిదే. కానీ ఇక్కడ మన ఫోన్లలోకి వచ్చేసరికి అది "తేలిపోయింది" అని మారిపోయింది.

మనకెందుకులే అనుకోకండి. 2023 మేలో టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో 8 మంది చనిపోతే వాళ్ళలో మన తెలుగమ్మాయి ఒకరు. పిల్లల్ని అక్కడికి పంపిన ప్రతి ఇంట్లో ఆ భయం ఉంది. భయం ఉన్నచోట సులువైన సమాధానం బాగా అమ్ముడుపోతుంది. ఇక మన దేశం సంగతి చూస్తే, 2015-16 నిమ్హాన్స్ సర్వే ప్రకారం డిప్రెషన్, యాంగ్జైటీ లాంటివి ఉన్నవాళ్ళలో ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా చికిత్సే అందడం లేదు. వెళ్ళిన ఆ ఒకరిద్దరిని కూడా ఈ వీడియో మధ్యలో ఆపేస్తోంది, నన్ను ఆపినట్టే.

కాబట్టి మీరు గానీ మీ వాళ్ళు గానీ ఈ మాత్రలు వాడుతుంటే, మొదటి కొన్ని వారాలు, డోస్ మార్చిన రోజులు జాగ్రత్తగా గమనించండి. నిద్ర పూర్తిగా పోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, విపరీతమైన కోపం, చనిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది వచ్చినా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. మానాలనిపిస్తే అడిగి మానండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొన్న అదే వీడియో మా ఫ్యామిలీ గ్రూప్‌లో మళ్ళీ వచ్చింది. నేను టైప్ చేసేలోపే కింద అమ్మ మెసేజ్ కనిపించింది. "డాక్టర్ని అడక్కుండా ఎవరూ మాత్రలు ఆపకండి. మా వాడు ఆపితే చారు గిన్నె విసిరేశాడు."

విసరలేదు ఫ్రెండ్స్, అరిచానంతే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.