కిట్ స్పోర్ట్స్ కారు కొత్తగా చేతికొచ్చిందా? మొదటి వెయ్యి కిలోమీటర్లు జాగ్రత్త

ఈరోజు ఎపిసోడ్ స్టూడియోలో కాదు, కాజీపల్లిలో ఒక ఫైబర్ షెడ్డు ముందు నిలబడి చేస్తున్నా. వెనకాల గ్రైండర్ సౌండ్ వస్తుంటుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

పోయిన వీడియోలో నా చిన్న రెండు సీట్ల కారు చూపించాక చాలామంది అడిగారు, "అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి దొరికింది, తీసుకోవచ్చా?" అని. తీసుకోండి. కానీ ఇది స్విఫ్ట్ లాంటి కారు కాదు, ఆ సంగతి ముందు బుర్రలోకి ఎక్కాలి.

ఈ కార్లకి దారి చూపించినవాటిలో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఒకటి. బరువు తగ్గిస్తే చిన్న ఇంజన్ చాలు, ఐడియా అంతే. మన దేశంలో చింకారా రోడ్‌స్టర్ అదే దారిలో వచ్చింది. అందులో ఉన్నది అంబాసిడర్‌లో వాడిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజనే. ఇప్పుడు లెక్క చూడండి. స్విఫ్ట్ బరువు సుమారు 900 కిలోలు, పవర్ 80 హార్స్‌పవర్ చిల్లర. అదే 80ని 600 కిలోల కారులో పెడితే? బండి ఎగురుతుంది. పైగా ఇలాంటి పాత కార్లలో చాలావాటికి ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. తప్పు చేస్తే కాపాడే కంప్యూటర్ లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అన్‌డూ బటన్ లేదు.

ముందు కాగితాలు. ఆర్‌సీ మీద ఉన్న ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ బండి మీద ఉన్నవాటితో మీ కళ్ళతో పోల్చుకోండి. ఇంజన్ మార్చిన బండైతే అక్కడే ఆగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని చెప్పింది. ఇక పార్టులు తెప్పించి ఇంట్లో బిగించుకున్న కారుకి నంబర్ ప్లేట్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే ఆ కారు ట్రాక్‌కే, రోడ్డుకి కాదు.

రెండోది టైర్లు. బంకులో గాలి కొట్టే తమ్ముడు ఏ కారొచ్చినా 32 పెట్టేస్తాడు, అతని తప్పేం లేదు. మీ కారు మాన్యువల్‌లో ఎంతుందో చూడండి. సెవెన్ తరహా కార్లు నడిపేవాళ్ళు 18 నుంచి 22 పీఎస్ఐ మధ్య వాడతారు. ఎక్కువ గాలి పెడితే బరువు లేని టైరు రోడ్డుని పట్టుకోదు. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. ఇంకో మోసం ఏంటంటే, ఈ కార్లలో టైరు అరగదు, ముసలిదవుతుంది. గాడులు కొత్తగా కనిపిస్తాయి, రబ్బరు మాత్రం రాయి అయిపోయుంటుంది. సైడున నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. అలాంటి టైరుతో వానలో బయటికి వెళ్ళకండి.

అలైన్‌మెంట్ చేయించేటప్పుడు డ్రైవర్ సీటు ఖాళీగా ఉండకూడదు. 600 కిలోల బండిలో 75 కిలోల మనిషి అంటే ఎనిమిదో వంతు! నేను 25 కిలోల సోనామసూరి బస్తాలు మూడు పెట్టి చేయించా. షాపులో నవ్వారు, కానీ కారు పక్కకి లాగడం మానేసింది.

మూడోది స్పానర్. చేత్తో బిగించిన బండి వణికి వణికి వదులవుతుంది. 100 కిలోమీటర్లకి, మళ్ళీ 500కి, సస్పెన్షన్, స్టీరింగ్, వీల్ నట్లు అన్నీ టార్క్ రెంచ్‌తో చూడాలి. బిగించాక నట్టు మీదుగా పెయింట్ గీత గీయండి, నేను మా అక్క నెయిల్ పాలిష్ వాడా. గీత పక్కకి జరిగిందంటే నట్టు కదిలినట్టే.

నాలుగోది బాడీ. ఇక్కడికే ఎందుకొచ్చానంటే, ఫార్మా కంపెనీల కెమికల్ ట్యాంకులకి ఫైబర్ పని చేసేవాళ్ళు ఈ బెల్టులో ఉన్నారు. మామూలు డెంటింగ్ షాపువాళ్ళు పగులు మీద పుట్టీ పూసి రంగేస్తారు. వీళ్ళు లోపలి వైపు నుంచి రుద్ది, మ్యాట్ పరిచి, రెసిన్ పెడతారు. కొనేముందు రూపాయి బిళ్ళతో బాడీ మీద తట్టి చూడండి. టకటక అంటే సరే, డొల్లగా మోగితే లోపల పొరలు విడిపోయాయేమో అని అనుమానించండి.

ఇప్పుడు అసలు విషయం. కారు కొన్న రెండో ఆదివారం ఇదే రోడ్డు మీద వస్తున్నా. ముందు ఒక ట్యాంకర్, మెల్లగా పోతోంది. నేను ఎడమవైపు సందులో దూరా. ట్యాంకర్ ఎడమకి తిరిగింది. నా హారన్ స్కూటర్ హారన్ లాంటిది, ఎవరికి వినిపిస్తుంది? నా తల పక్కనే చక్రం తిరుగుతోంది. మట్టిలోకి దింపేసి ఆపా. కాళ్ళు వణికాయి.

డ్రైవర్ దిగొచ్చాడు. తిడతాడనుకున్నా. తిట్టలేదు. "తమ్మీ, నువ్వు అవుపడనే లేదు. పైకెక్కి సూడు" అన్నాడు. క్యాబిన్ ఎక్కి ఆయన సీట్లో కూర్చుని అద్దంలో చూశా. నా కారు లేదు! కింద పదడుగుల దూరంలో ఎర్రగా మెరిసే కారు, అద్దంలో అస్సలు లేదు. అప్పటిదాకా నేను అందరూ నన్నే చూస్తున్నారనుకున్నా. చూడాల్సినవాడికి నేను కనిపించనే లేదు.

అందుకే నా రూల్స్ ఇవి. లారీకి ఎడమవైపు నుంచి ఎప్పుడూ దూరను. అద్దంలో డ్రైవర్ మొహం నాకు కనిపించకపోతే నేనూ అతనికి కనిపించనట్టే, వెనక్కి తగ్గుతా. పగలు కూడా హెడ్‌లైట్ వేస్తా. పెద్ద హారన్ పెట్టించా. మొదటి నెల వానలో బండి తీయలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర సిగ్గుపడకుండా ఏటవాలుగా, పాకుతూ దాటతా. కింద సంప్ పగిలితే ఆయిల్ పోతుంది, దాంతో ఇంజన్ పోతుంది.

స్పీడ్ టెస్ట్ వీడియో పెట్టమని కామెంట్స్ వస్తున్నాయి. రోడ్డు మీద చేయను, ఓఆర్ఆర్ మీద అసలు చేయను. ట్రాక్‌కి వెళ్ళినప్పుడు చూపిస్తా. మీ కారు వచ్చిన రోజు తాళం తీసే ముందు ఒక్క పని చేయండి. తెలిసిన లారీ డ్రైవర్ ఎవరైనా ఉంటే, ఆయన్ని అడిగి ఆ సీట్లో రెండు నిమిషాలు కూర్చోండి. నేను చెప్పినవన్నీ మరిచిపోయినా అది మాత్రం గుర్తుంటుంది.

ఉంటా మరి. జాగ్రత్తగా నడపండి, ఇంటికి చేరండి.